రెండోసారి చెప్పని మాట

“తీగలమ్మా, సిద్ధమేనా?” అన్నాడు సర్జన్, గ్లవ్స్ సర్దుకుంటూ.

“సిద్ధం సార్.”

ఆపరేషన్ థియేటర్‌లో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. మత్తులో ఉన్న మనిషి చేతులకీ కాళ్లకీ సన్నటి సూదులు గుచ్చి, వాటి తీగల్ని మెషీన్‌కి కలిపి, తెర మీద గీతలు చూస్తూ కూర్చోవడం ఆమె పని. మెడ ఎముకలోకి దిగే స్క్రూ దారి తప్పి నరాన్ని నొక్కితే గీత కుంగిపోతుంది. మెషీన్ అరుస్తుంది. అప్పుడు ఆమె చెప్పాలి. వినకపోతే మళ్లీ చెప్పాలి. సర్జన్ చెయ్యి ఆగేదాకా చెబుతూనే ఉండాలి.

ఆకుపచ్చ గుడ్డల మధ్య అరచెయ్యంత మెడ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఆ మెడ ఎవరిదన్నది మరిచిపోవాలి. ఈ పనిలో మొదటి పాఠం అదే. ఇవాళ ఎందుకో ఆ పాఠం ఒంటబట్టడం లేదు.

ఎందుకో ఏమిటి, ఆయన ఇదే గదిలో ఉన్నాడు కదా!

అక్క మెడకి ఆపరేషన్ చేసింది ఆయనే. ఆ రోజూ మెషీన్ అరిచింది. “దాని నోరు మూయించండి” అని ఆయన సౌండ్ తీయించాడు. అప్పుడు మెషీన్ ముందు కూర్చున్నావిడే తర్వాత ఏడుస్తూ ఈ సంగతి చెప్పింది. అక్క కుడి చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. తన జడ తను వేసుకోలేకపోతోంది. కూతురికీ వేయలేకపోతోంది. నిలదీయడానికి వెళ్తే ఆయన తలైనా ఎత్తకుండా, “రిస్కు ఉంటుందని ముందే చెప్పాం కదమ్మా” అన్నాడు.

ఆ పూటే అనుకుంది, ఈ పని నేర్చుకోవాలని. ఎప్పటికైనా ఆయన ఉన్న గదిలో, ఆ మెషీన్ ముందు తనే కూర్చోవాలని.

పొద్దున ఆయనే పలకరించాడు. ఆమెని గుర్తుపట్టలేదు.

“మెషీన్ దగ్గర నువ్వేనా అమ్మా? కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడు.”

మెషీన్ మీద ఇంత గౌరవం ఎప్పుడు పుట్టుకొచ్చిందో! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. “అలాగే సార్” అంది.

స్క్రూ లోపలికి దిగుతోంది. ఉన్నట్టుండి ఒక గీత కుంగింది. మెషీన్ గోల పెట్టింది.

“సార్, కుడి భుజం సిగ్నల్ పడిపోతోంది.”

“సౌండ్ తీసెయ్. అదలా మొరుగుతూనే ఉంటుంది.”

తీసేసింది. సర్జన్ ఇంకో చుట్టు తిప్పాడు. గీత నేలకి కరుచుకుపోయింది.

ఇప్పుడు గట్టిగా చెబితే స్క్రూ వెనక్కి తీస్తారు. చెయ్యి దక్కుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎడమచేత్తో దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడిపోయిన అక్క ఆమె కళ్ల ముందు మెదిలింది.

“ఏమైనా తేడాగా ఉందా తీగలమ్మా?” పక్కనున్న నర్సు గొంతు తగ్గించి అడిగింది.

“చెప్పాగా” అంది ఆమె. పెదాలు బిగించింది.

“చూశావా, ఎలా నోరు మూసుకుందో! ఈ కిటుకు నాకు నేర్పిందెవరనుకున్నావ్?” అంటూ సర్జన్ ఆఖరి చుట్టు బిగించి, ఆకుపచ్చ గుడ్డల కింద బోర్లా పడుకున్న తన గురువుగారి వీపు మీద ఆప్యాయంగా తట్టాడు.