రెండో ఏటి పూత

బిక్షపతి దొరికింది అక్క ఇంట్లోనే.

తెలంగాణ కోసం రోడ్డెక్కిన పిల్లల కోసం పోలీసులు వెతుకుతుంటే, దేవరుప్పులలో అక్క సుజాత ఇంటి అటకెక్కి దాక్కున్నాడు. తెల్లారేసరికి జీపు వచ్చింది. కబురు పంపింది బావ రాజలింగే. మోకాలు విరిగాక గాని బిక్షపతిని వదల్లేదు.

అప్పటికి సుజాత పెళ్లయి మూడు నెలలు. ఆమె ఏడవలేదు, మొగుడిని ఒక్క మాటా అనలేదు. గూడూరులో మంత్రసానితనం చేసే అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, కొంగు నిండా గింజలు కట్టుకుని వచ్చింది. సగం పెరట్లో మడి చేసి చల్లింది. సగం డబ్బాలో పోసుకుంది.

మొదటి ఏడు క్యారెట్ ఆకుల్లాంటి ఆకులే. రెండో ఏడు నడుమెత్తు లేచి, తెల్ల లేసు అల్లినట్టు పూసింది. చూడ ముచ్చటగా ఉన్నాయని రాజలింగు తానే బోరింగు నీళ్లు మోసుకొచ్చి పోసేవాడు. అత్త సోమక్క వాటిని తెంపి, మనవడు కావాలని దేవుడి పటానికి పెట్టేది.

"చెట్టు పూస్తున్నది గని నీ కడుపు పూస్తలేదు" అనేది కోడలితో.

 సుజాత గింజలు రాల్చి, ఎండబెట్టి, రోట్లో దంచేది. మళ్లీ మడికి కొన్ని ఉంచేది.

ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అక్కను చూడవచ్చిన బిక్షపతి రోట్లోని పొడి చూసి గొంతు తగ్గించాడు.

"వాని కల్లుల కలుపుతున్నవా అక్కా?"

"నువ్వు ఊకో. ఒక్కనాటితోని అయ్యే పని గాదిది."

అతను ఓపిక పట్టాడు. బావ మాత్రం అక్క చేతి వంట తిని ఏటికేడు బలుస్తున్నాడు.

రాష్ట్రం వచ్చిన రోజు రాజలింగే అందరికంటే ముందు నిలబడి జై కొట్టాడు. ఊళ్లో మగవాళ్లు పిల్లలను భుజాలకెత్తుకుని ఊరేగారు. అది చూసి ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు. తిరగని దవాఖాన లేదు. బామ్మర్దిని పట్టించినోడని రెండో పెళ్లికి పిల్లనెవరూ ఇవ్వలేదు. వంశం తనతోనే ఆఖరని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ పూట అక్క దగ్గరికి వచ్చిన బిక్షపతి వంటింట్లో పళ్లు కొరికాడు. "ఇన్నేండ్లు ఏం జేసినవక్కా? వానికి జరమన్న రాలే."

పిల్లలు వద్దనుకునే ఆడవాళ్లకు అమ్మమ్మ ఇచ్చే ఆ పొడిని సుజాత, రోజూలాగే, చెంచాడు తీసి తన నోట్లోనే వేసుకుంది.