నలభై రెండు కిలోలు

కోయంబత్తూరు దగ్గర కారమడై అవతల, అప్పసామి అరటితోట పక్కన ఒక వ్యాను ఆగింది.

వ్యాను పైన పొడుగాటి గొట్టాలు కట్టి ఉన్నాయి. ముందు సీట్లోంచి ముసలి తెల్లాయన ఒకడు దిగాడు.

అప్పసామి చేతిలో పని వదిలేసి గట్టు మీదికి వచ్చాడు. పోయినేడు గ్యాసు పైపు వేసేవాళ్లూ ఇట్లా గొట్టాలతోనే వచ్చారు. పక్కతోట రెండుగా చీలిపోయింది.

తెల్లాయన తోటవైపు చూడలేదు. వెదురుగడ పట్టుకుని కొబ్బరిపీచు కుప్ప మీదికి ఎగురుతున్న షణ్ముగప్రియను చూస్తూ నిలబడ్డాడు.

ఆమె అప్పసామి కూతురు. ఎల్లుండి కోయంబత్తూరులో పోల్‌వాల్ట్ ఎంపిక. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. వెదురుగడ ఒప్పరు. ఫైబర్ పోల్ ఉండాలి, అది లేదు.

డ్రైవరు మణికంఠన్ వచ్చి, అవి పైపులు కావని, ఎగిరే పోల్‌లేనని, ఒకటి పాపకు తెల్లాయన ఊరికే ఇస్తాడని చెప్పాడు.

ఊరికే అనేసరికి అప్పసామికి అనుమానం ముదిరింది. ఇవాళ పోల్ ఇచ్చి, రేపు తోట కాగితం మీద సంతకం పెట్టమంటే?

"ఒకటే అడగతా ఉండాడు అన్నా. పాప ఎడై ఎంత, ఎన్ని కిలోలు?"

"ఆడపిల్ల ఎడై వానికెందుకు తంబీ?"

వెనకనుంచి భార్య పాంచాలి గొణిగింది. "ఉండేది చెప్పొద్దు. కన్ను పడతాది."

పిల్ల యాభై కిలోలు.

"నలభై రెండు" అన్నాడు అప్పసామి.

తెల్లాయన షణ్ముగప్రియను పాదాలనుంచి భుజాలదాకా చూసి, డ్రైవరుతో మళ్లీ అడిగించాడు.

ఆ చూపు అప్పసామికి బొత్తిగా నచ్చలేదు.

"నలభై రెండే. పొమ్మను."

షణ్ముగప్రియ నోరు తెరవబోయింది. పాంచాలి గిల్లింది.

తెల్లాయన అప్పసామి ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. ఒక పోల్ విప్పించి గట్టున పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

రెండు రోజులూ అప్పసామి దాన్ని పిల్లను ముట్టుకోనివ్వలేదు. గ్యాసు కంపెనీ ముద్ర ఎక్కడైనా ఉందేమోనని తిప్పి తిప్పి చూశాడు.

కోయంబత్తూరు మైదానంలో అందరు పిల్లల్నీ తూచినట్టే కోచ్ జెబరాజ్ షణ్ముగప్రియనూ తూచాడు. పోల్ మీది అంకె చదివాడు.

"ఇది నలభై రెండు కిలోల పిల్లకు అయ్యా. ఈ పాప ఎగిరితే విరిగిపోతాది. నేను ఎగరనియ్యను."

ఇంకో పోల్ కోసం అడిగి చూశారు. దొరకలేదు. జాబితాలో ఆమె పేరు కొట్టేశారు.

షణ్ముగప్రియ కూర్చుని షూ లేసులు విప్పుకుంది.

"అప్పుడే అనుకుంటి" అన్నాడు అప్పసామి. "ఆ తెల్లోడు పనికిరానిది అంటగట్టి పోయినాడు."

జెబరాజ్ ఆయన్ను తేరిపార చూశాడు.

ఆ తెల్లాయన డగ్లస్ సార్ అనీ, వయసులో అమెరికా తరఫున ఎగిరినవాడనీ, తర్వాత నలభై ఏళ్లు కోచ్‌గా ఉన్నాడనీ చెప్పాడు. పిల్లను కంటితో చూసి బరువు చెప్తే కిలో తేడా కూడా వచ్చేది కాదట. నిన్ననే విమానం ఎక్కేశాడు.

ఎక్కేముందు తనకు పంపిన సందేశం ఫోన్లో తీసి, జెబరాజ్ తెలుగులో చెప్పాడు.

"నా కంటికి ఆ పిల్ల యాభై కిలోలుంది, తండ్రి నలభై రెండు అన్నాడు, బిడ్డ విషయంలో తండ్రి అబద్ధమాడడు కాబట్టి నా కన్నే పోయింది, ఇక నేను ఏ పిల్లకూ నేర్పను."