ముప్పై సెకన్లు

“చేతులు తొడల కింద!” అన్నాడు లెక్కల మాస్టారు.

ఏడేళ్ల కూతురు అరచేతులు రెండూ కుర్చీకీ తొడలకీ మధ్య దూర్చేసింది. పదమూడులోంచి ఐదు తీసెయ్యమని అడిగిన పిల్లల డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. పిల్ల అప్పటికి మూడు వేళ్లు ముడిచింది.

“వేళ్లు లెక్కపెట్టే అలవాటు మాన్పిస్తున్నానండీ,” అంటూ మాస్టారు జేబులోంచి స్టాప్‌వాచ్ తీసి బల్ల మీద పెట్టాడు. “ఇంట్లో ఒక్కో లెక్కకి ముప్పై సెకన్లు. చెయ్యి కదలకూడదు. అయినా పాతికకి నాలుగు మార్కులు. పద్దెనిమిదేళ్లుగా ఊరందరి పిల్లలకీ లెక్కలు చెప్తున్నాను. దీపం కింద చీకటంటారే, ఆ దీపం నేనే. స్టాఫ్‌రూమ్‌లో దీని పేపరు కనపడకుండా నా టీ గ్లాసు పెట్టి కూర్చుంటున్నాను.”

“ఆ గ్లాసు మరక కూడా సున్నాలాగే పడింది,” అంది భార్య.

“సోమవారం నుంచి తెల్లారి ఐదింటికి లేపుతాను. బడికి ముందు రెండు గంటలు లెక్కలే. బద్ధకం వదలాలి. మీరూ దానికో మాట చెప్పండి డాక్టరమ్మా.”

పిల్ల తల్లి వైపు చూసింది. డాక్టరమ్మ ఫైలు తిప్పింది.

“ఇరవై ఎనిమిదో వారంలో పుట్టింది కదూ?”

“అవునండీ. కిలోకి వంద గ్రాములు తక్కువ. అందుకే ఇంట్లో పిట్ట అంటాం,” అంది తల్లి.

“ఇలా నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి చదవడం, రాయడం బాగానే వస్తాయి. లెక్కల దగ్గరే చిక్కు. అంకెల్ని మనసులో పట్టి ఉంచుకోలేరు. తొందరపెడితే పట్టుకున్నవి కూడా జారిపోతాయి. ఇది బద్ధకం కాదు మాస్టారూ. వేళ్లు వాడనివ్వండి. ఈ వాచీ దాచెయ్యండి. వీలైతే ఒక తరగతి కింద కూర్చోబెట్టండి.”

“కిందా? నా కూతుర్నా?” మాస్టారు కుర్చీ అంచుకి జరిగాడు. “వయసు ప్రకారం మూడో తరగతే కదండీ. మే ముప్పై ఒకటికి ఐదేళ్లు నిండితే ఒకటో తరగతిలో చేర్చుకుంటారు. ఇది పుట్టింది మే ఇరవై ఏడు. నాలుగు రోజుల తేడాలో ఏడాది కలిసొచ్చింది.”

“పాలవాడిక్కూడా చెప్పారు ఈ లెక్క,” అంది భార్య.

“సరే, నలభై వారాలూ నిండి పుట్టుంటే ఏ తేదీన పుట్టేది? ఇప్పుడు ఏ తరగతిలో ఉండేది?” డాక్టరమ్మ స్టాప్‌వాచ్ నొక్కింది. “ముప్పై సెకన్లు.”

మాస్టారు నవ్వాడు. “ఇదీ ఒక లెక్కేనా? పన్నెండు వారాలు, అంటే ఎనభై నాలుగు రోజులు. మేలో నాలుగు పోతే ఎనభై. జూన్‌లో ముప్పై పోతే యాభై. జూలై... జూలైకి ముప్పయ్యా, ముప్పై ఒకటా?”

ఎడమ పిడికిలి బిగించాడు. కుడి చూపుడువేలు కణుపుల మీదా, వాటి మధ్య పల్లాల్లోనూ నడిచింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి...

“ముప్పై సెకన్లు దాటాయి,” అంది డాక్టరమ్మ.

“ఆగస్టు పందొమ్మిది!” అన్నాడు మాస్టారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. “అప్పుడు రెండో తరగతిలో ఉండేది.”

గొంతు తగ్గించి అన్నాడు. “ఏడాది కలిసి రాలేదన్నమాట. పన్నెండు వారాలు తీసెయ్యడం మర్చిపోయాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు! నాకూ పాతికకి నాలుగే.”

“నాలుగెందుకు వేశారు?” అంది భార్య.

మాస్టారికి అప్పటికీ నమ్మకం కుదరలేదు. ఇంకోసారి సరిచూద్దామని మళ్లీ పిడికిలి బిగించాడు. “జనవరి, ఫిబ్రవరి...”

ఇంతసేపూ చేతులు కదపకుండా కూర్చున్న పిట్ట అతని వైపు వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు చెప్పింది.

“నాన్నా, చేతులు తొడల కింద!”