ఏనుగు కూర్చున్న చోట

జేసీబీ చెయ్యి పైకి లేచింది. మాసూమా రెండు అరచేతులూ గోరీ మీద ఆనించి అట్లాగే కూర్చుంది.

"లే పెద్దమ్మా, మట్టి మీద పడ్తది," జేసీబీ నడిపే ఐలేష్ పైనుంచి కేకేశాడు.

"పడనియ్యి బిడ్డా. మా ఆయన మీద పడ్డది, నా మీద పడితే ఏమైతది?"

వెంచర్ మేనేజర్ రత్నాకర్ దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఇబ్రహీంపట్నం రోడ్డు నుంచి ప్లాట్లకు బాట ఏస్తున్నం. మీ కబరస్తాన్ మొత్తం అడిగినమా? అంచుకున్న ఈ ఒక్క గోరీనే అడ్డం. మా సేటు ముంగట పెద్దపెద్దోళ్లే నిలవలే."

"ఏనుగుల మీద వస్తడా మీ సేటు?"

"ఏంది?"

"ఎనుకట అబ్రహా అనే రాజు గట్లనే వచ్చిండు, మక్కాల అల్లా ఇల్లు కాబాను కూలగొడ్త అని. మక్కావోళ్ల చేతుల ఏం లేకుండె. అల్లా పిట్టలను తోలిండు. ముక్కులల్ల శెనగ గింజలంత రాళ్లు. గంత ఫౌజు మట్టిల కలిసింది."

రత్నాకర్ తలెత్తి ఆకాశంలోకి చూశాడు. "పిట్టలు కనవడ్తలేవమ్మా."

"పిట్టలు తర్వాత. ముందుగాల ఏనుగే కూసున్నది. ఎటు తోలినా లేస్తది, కాబా దిక్కు తిప్పితే కూసుంటది."

అప్పుడే మసీదు పెద్ద లాల్ మహమ్మద్ ఆయాసపడుతూ వచ్చాడు. ఆమె భర్తను మట్టిలో దించిన నలుగురిలో ఆయనొకడు, జిగ్రీ దోస్తు.

"భాబీ, ఇంటికి పోదాం పా. వీళ్ల ముంగట మనమెంత? నిన్న నేనే సరే అన్న."

"నువ్వు సరే అన్నవా?"

"అది కాదు భాబీ, జర నా మాట..."

"నీ మాట నాకెందుకు? నువ్వు ఎప్పుడంటే అప్పుడు లోపటికొచ్చి దువా చేసుకుంటవ్. నాకు బాట మీదికెంచి చూసుడేనాయె."

లాల్ మహమ్మద్ పక్కకు జరిగాడు.

ఆ ఊళ్లో ఆడవాళ్లు కబరస్తాన్‌లో అడుగు పెట్టరు. 'బాట పక్కకే పెట్టినం' అని మగవాళ్లు చెప్పిన మాటే మాసూమాకు ఆధారం. కూలికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బాట మీద ఆగి, ఈ మట్టి దిబ్బకే సలాం చెప్పుకుంది. ఇవాళే మొదటిసారి చేతికి తగిలింది. ఎండకు వెచ్చగా ఉంది, ఆయన వీపులాగా.

"ఇన్నేండ్లకు నీ కాడికొచ్చిన," అని మట్టితో మెల్లగా అంది. "ఇగ నన్ను లేపేది అల్లానే."

"తోలు ఐలేష్," అన్నాడు రత్నాకర్.

బండి కదిలింది. బకెట్ నీడ ఆమె నెత్తి మీద పడింది. మాసూమా కళ్లు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఇంజన్ చప్పుడు ఆగిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఐలేష్ కింద నిలబడి ఉన్నాడు, చెప్పులు విడిచి. "వేరే దిక్కు ఎటన్న తోల్త సార్. ఇటు నాతోని కాదు."

రత్నాకర్ వేరే జేసీబీ వాళ్లకు ఫోన్లు చేశాడు. గోరీ మాట వినగానే ఒక్కొక్కరూ పని ఉందన్నారు. చివరికి సేటుతో మాట్లాడి విసుగ్గా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "బాట జర అటు మలుపుర్రి," అంటూ వెళ్లిపోయాడు.

మాసూమా చున్నీతో ముఖం తుడుచుకుంది. ఎదురుగా లాల్ మహమ్మద్ నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"ఊకో భయ్యా. భయపడ్డవ్, గంతే గదా. నీ దోస్తు నిన్నేమనుకోడు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "భాయ్ గోరీ అవతలి బాట పక్కకున్నది భాబీ. దాన్నెవరు ముట్టలే."

మట్టిని నిమురుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "మరి గిదెవరిది?"

లాల్ మహమ్మద్ అరచేతిని ఆ మట్టి మీద పెట్టాడు.

"మా ఇంటామెది."