రెండు కుర్చీలు చాలు

“ఈ వీధిలో కుక్క మొరిగితే, పాపం దానికేమైందోనని ఇళ్లలోంచి బయటికొచ్చి చూస్తారు సార్. అంత ప్రశాంతం!” అంటూ బ్రోకరు తాళం తీశాడు.

ఇల్లు చూడ్డానికొచ్చిన పాప తండ్రి గుమ్మం దాటి, తలుపును రెండుసార్లు తెరిచి మూశాడు. లిఫ్టులు బాగుచేసేవాడికి ఏ తలుపు కనబడినా చెయ్యి ఊరుకోదు. పాప తల్లి తిన్నగా చిన్నగదిలోకి వెళ్లి కిటికీ తీసింది. ఎదురుగా బడి గోడ.

“పాప నడిచి వెళ్లిపోవచ్చు,” అంది.

“ఊఁ,” అన్నాడు.

ఈ ఏడాదిలో తొమ్మిదేళ్ల పాప ఎన్నిసార్లు ఇల్లు మారిందో ఇద్దరికీ గుర్తులేదు. పాప మాత్రం సంచీ విప్పడమే మానేసింది. బట్టలు, పుస్తకాలు, చెవి ఊడిన ఎలుగుబంటి బొమ్మ, అన్నీ అందులోనే. బీరువాలో పెట్టుకోమంటే, “ఎందుకులే, మళ్లీ సర్దుకోవాలిగా,” అనేది. ఆ సంచీ ఈ ఇంట్లోనైనా విప్పుతుందా అన్నదొక్కటే అతనికి కావాలి. గాలి బాగా వస్తుందని బ్రోకరు అన్నాడు, అతను తలూపాడు. గచ్చు చూడమన్నాడు, చూశాడు. సొంతిల్లు కొనుక్కుంటున్నవాడికి ఉండాల్సిన సంబరం గోరంత కూడా లేదు. బాధగా ఉన్నా బాగుండేదనిపించింది. అదీ లేదు.

వంటింటి పక్కన బల్ల, నాలుగు కుర్చీలు ఉన్నాయి.

“పాత ఓనరుగారు ఇవి మీకే వదిలేస్తారట మేడమ్.”

“రెండు కుర్చీలు చాలు,” అంది ఆమె.

“మీరు ముగ్గురు కదండీ?”

“అందరం ఒకేసారి తినడం కుదరదు.”

“అవున్లెండి. మేడమ్ నర్సు, మీరేమో మెకానిక్కు... షిఫ్టు డ్యూటీలా సార్?”

“అలాంటిదే.”

పడగ్గదిలో బీరువా రెక్కలను ఆమె చేత్తో తట్టి చూసింది. “ఈ రెండు భాగాలకీ వేరువేరు తాళాలు పెట్టించాలి.”

బ్రోకరు పకపకా నవ్వాడు. “మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేంటి మేడమ్! సార్‌ని చూస్తే చీరలు కాజేసే రకంలా లేరే!”

ఎవరూ నవ్వకపోయేసరికి బ్రోకరు నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“ఎడమవైపు నేను తీసుకుంటా,” అన్నాడు అతను.

“సరే.”

“ఇంత తొందరగా ఒక మాట మీదికొచ్చిన జంటని నా సర్వీసులో చూళ్లేదు సార్,” అన్నాడు బ్రోకరు. “మా ఇంట్లో గోడ రంగుకే మూడు రోజులు యుద్ధం జరిగింది.”

ఇల్లు ఇద్దరి పేరు మీదా రిజిస్టరైంది.

ఆదివారం ఉదయం సామాను దిగింది. చిన్నగదిలో మంచం మీద పాప సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఇక్కడ ఎన్నాళ్లు?” అని అడిగింది.

“ఎప్పటికీ,” అన్నాడు అతను.

“నేను మళ్లీ మారక్కర్లేదా?”

“నువ్వు మారక్కర్లేదు తల్లీ.”

పాప వాళ్లమ్మ వంక చూసింది. ఆమె కూడా అవునన్నట్టు తలూపింది. అప్పుడు పాప మెల్లగా జిప్పు లాగింది. ఎలుగుబంటిని కిటికీలో కూర్చోబెట్టింది. గౌన్లు ఒక్కొక్కటే తీసి అలమరలో పేర్చింది. ఆఖరున ఖాళీ సంచీ దులిపి తెచ్చి అతని చేతికిచ్చింది.

“నాకింక వద్దు నాన్నా. నీకు పనికొస్తుంది.”

అతను సంచీ జిప్పును రెండుసార్లు తెరిచి మూశాడు. పాప తల నిమిరి, ఆ సంచీలోనే రెండు జతల బట్టలు, గడ్డం గీసుకునే సామాను సర్దుకున్నాడు. బీరువా ఎడమ రెక్కకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“వచ్చే ఆదివారం వస్తాను,” అన్నాడు.

“తొమ్మిదికల్లా రండి,” అంది ఆమె, తలుపు పట్టుకుని.

విడాకుల తీర్పు ప్రకారం, ఈ ఇంట్లో పాపతో ఒక వారం ఆమె, ఒక వారం అతను ఉండాలి. మొదటి వారం ఆమెది.