రిగోకి బాకా పాఠాలు

పోయిన ఏప్రిల్‌లో గెర్గెయ్ తన దళం పరువు నిలువునా తీశాడు.

ఏటా ఇషాసెగ్‌లో పాత యుద్ధాన్ని మళ్లీ ఆడతారు. ఒకవైపు హంగరీ హుస్సార్లు గుర్రాల మీద, మరోవైపు ఆస్ట్రియా సైనికుల వేషం కట్టినవాళ్లు. తొలి దాడి కాగానే వెనక్కి రమ్మని బాకా ఊదారు. ముప్ఫైమంది రౌతులూ తిరిగారు. గెర్గెయ్ ఒక్కడే కత్తి ఝళిపిస్తూ శత్రువుల మధ్యకు దూసుకుపోయాడు. ఆస్ట్రియా సేనాపతి వేషంలో ఉన్న పళ్ల డాక్టరు హడలిపోయి బురదలో పడ్డాడు. జనం పగలబడి నవ్వారు.

"గుర్రం కొత్తది. దానికి బాకా తెలీదు," అన్నాడు గెర్గెయ్. నిజమే, పాత గుర్రం ఉండగా ఏనాడూ ఇలా జరగలేదు.

కెప్టెన్ లోరాంద్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "గెర్గెయ్ బాబాయ్, మార్చిలో పరీక్ష. వెనకనుంచి బాకా ఊదుతాం. తిరగనివాళ్లకు గుర్రం ఉండదు. గుయాష్ పులుసు కాగు దగ్గర గరిటె ఇస్తాం."

డెబ్భై ఏళ్లవాడు. అందులో ఇరవై ఆరేళ్లుగా హుస్సారు. గుర్రం దిగి గరిటె పట్టడమంటే అతనికి తల కొట్టేసినట్టే.

పెరట్లో పాఠాలు మొదలయ్యాయి. భార్య ఎతెల్క ఎదురుగా నిలబడి బుగ్గలు పూరించి బాకా ఊదేది. వెంటనే గెర్గెయ్ కళ్లెం లాగి కొత్త గుర్రం రిగోని వెనక్కి తిప్పేవాడు. తిరిగితే క్యారెట్ ముక్క. ఎతెల్క జన్మలో బాకా పట్టిన మనిషి కాదు. ఆ మోతకు కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

పక్కింటి బొర్బాలా కంచె మీంచి చేయి చాచి గెర్గెయ్ భుజం తట్టింది.

"ఆ గోల ఎలా భరిస్తున్నావయ్యా?"

"మా ఆవిడ ఊదితే నాకు కష్టమేంటి?" అన్నాడు మురిసిపోతూ.

శీతాకాలం వెళ్లేసరికి ఎతెల్క గుర్రపుశాల వెనక దాక్కుని ఊదినా రిగో టక్కున తిరిగేది. కళ్లెం ముట్టుకోనక్కర్లేదు. గెర్గెయ్ దాని మెడ కౌగిలించుకుని ఏడ్చినంత పనిచేశాడు.

"ఇక ఆ కెప్టెన్ మీసాలతోనే చిక్కు," అన్నాడు.

"హుస్సారన్నాక మీసం ఉండొద్దా?" అంది ఎతెల్క.

"ఉండనీ. మూతి కూడా ఉండాలిగా!"

పరీక్షనాడు మైదానమంతా పొగ. ఫిరంగి పేలింది. కుర్ర రౌతులు ఉలిక్కిపడ్డారు. రెండు గుర్రాలు ముందుకాళ్లు పైకెత్తాయి. గెర్గెయ్ రెప్ప కూడా వేయలేదు. ఆ మోత సద్దుమణగకముందే వెనకెక్కడో సన్నగా బాకా. ఊదారా లేదా అని మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే రిగో గిర్రున తిరిగింది.

కెప్టెన్ పరుగున వచ్చాడు. గెర్గెయ్ చేయి పట్టుకుని ఊపేస్తూ గుక్కతిప్పుకోకుండా ఏదో అన్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. గెర్గెయ్ కూడా నవ్వుతూ తలూపాడు.

ఆ మీసాల చాటున ఒక్క మాటా కనబడక అతను భార్య వైపు చూస్తే, ఎతెల్క నాలుగేళ్లుగా ఇంట్లో మాట్లాడుతున్నట్టే గొంతెత్తకుండా పెదవులు మాత్రం కదిపి చెప్పింది: "ఇంత చురుకైన చెవులు దళంలో ఇంకెవరికీ లేవంటున్నాడు!"