బదులిచ్చిన కార్డు

"చంటి కార్డు ఇచ్చెయ్యమ్మా," అన్నాడు మురళీకృష్ణ, కింది వాటాలో కిరాయికుండే వాళ్ళ అమ్మాయి జ్యోతికతో.

కొడుకు చంటి పోయి నెలైంది. వాడి క్రికెట్ కార్డుల ఆల్బంలో ఒక్క అర ఖాళీగా ఉంది. అందులో వాడి చేతిరాతతో ఒక చీటీ: "జ్యోతికకి బదులిచ్చాను." ఆ అర నిండితే ఆల్బం మూసి బీరువాలో పెట్టేద్దామనుకున్నాడు.

తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి.

"వాపస్ ఎందుకంకుల్? బదల్ ఇచ్చిండు గద."

"బదులంటే తిరిగి ఇచ్చెయ్యాలమ్మా."

"మా దిక్కు గట్ల గాదు. ఒకటిచ్చి ఒకటి తీస్కునుడు బదల్. గప్పుడు నా తాన ఒక్క కార్డు గూడ లేకుండె. నువ్వు గూడ జమ చెయ్యి, మొదటిది నేనిస్త, నీకు ఒకటే కార్డు డబల్ వచ్చినప్పుడు నాకియ్యి అన్నడు చంటి."

లోపలికి పోయి రెండు కార్డులు తెచ్చింది. ఒకదాని అంచులు చంటి వేళ్ళకు నలిగి ఉన్నాయి. రెండోది కొత్తది.

"నిన్ననే డబల్ వచ్చింది. ఏది కావాలె?"

నలిగిన కార్డు మీదికి వెళ్ళిన చెయ్యి ఆగింది. ఆ చీటీలో 'బదులు' అన్న మాటను నెలరోజులుగా ఆయన తిరిగొచ్చేదనే చదువుకున్నాడు.

"కొత్తదివ్వు తల్లీ," అన్నాడు. "వాడు బదలే ఇచ్చాడు."